ఆంత్రోపాలజీ చదివితే ఖర్చెంత, రాబడెంత: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలకు లెక్క వేసుకునే పద్ధతి

ప్లస్‌టూ ఫలితాలు వచ్చాక రాయగడలోనో గుణుపురంలోనో ఏ ఇంటికి వెళ్లినా బీటెక్, నర్సింగ్, ఫార్మసీ మాటలే వినిపిస్తాయి. పిల్ల నోట ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) అనే మాట వచ్చిందంటే తండ్రి మొహం మారిపోతుంది. "ఇంత డబ్బు పోసి చదివిస్తే మళ్లీ మన కొండల్లోకే వెళ్లి తిరుగుతావా?" అంటాడు. అడిగిన తీరు మొరటుగా ఉన్నా అది అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం కాగితం మీద లెక్క వేసి చెప్పాలి.

ఇక్కడ రాస్తున్నది రాయగడ, కొరాపుట్, గజపతి, గంజాం, మల్కన్‌గిరి జిల్లాల్లో ఉండే తెలుగు ఇళ్ల కోసం. ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. అందరూ ఫీజు గురించి టెన్షన్ పడతారు గానీ, ఈ చదువులో జేబుకు చిల్లు పెట్టేది పీజీ అయ్యాక ఉద్యోగం లేకుండా గడిచే కాలం. ఎందుకో మూడో అడుగులో లెక్కతో సహా చూపిస్తాను.

మొదటి అడుగు: చేరకముందే చదువును రుచి చూడండి

ఆంత్రోపాలజీలో ప్రధానంగా నాలుగు పాయలున్నాయి. సమాజం, సంస్కృతి ఒకటి. మనిషి శరీరం, జన్యువులు, పరిణామం ఇంకొకటి. పురావస్తువులు మూడోది, భాష నాలుగోది. మన దేశంలో ఎక్కువ విభాగాల్లో మొదటి మూడూ గట్టిగా చెబుతారు. పుర్రెలు కొలవడం నుంచి పెళ్లి ఆచారాల దాకా అన్నీ సిలబస్‌లో ఉంటాయి. సోషల్ స్టడీస్ లాంటిదే కదా అనుకుని చేరినవాళ్లు జన్యుశాస్త్రం పేపరు దగ్గర తడబడతారు.

ఈ పనికి మన ప్రాంతంలో పెద్ద పూర్వీకుడే ఉన్నాడు. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆయనకు ఆంత్రోపాలజీ పట్టా ఏమీ లేదు. జీతం మాత్రం ఉంది, బడి ఉద్యోగానిది. ఆ సంగతి గుర్తుంచుకుంటే తర్వాతి అడుగులు బాగా అర్థమవుతాయి.

చదువు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. బిస్సంకటక్ దగ్గర చటికొనలో బుధవారం సంత జరుగుతుంది. నియమగిరి కొండల మీది నుంచి డోంగ్రియా కోంధు గిరిజనులు దిగి వస్తారు. పిల్లనో పిల్లాణ్నో పొద్దున్నే అక్కడికి పంపండి. ఫొటోలు తీయొద్దని ముందే గట్టిగా చెప్పండి. చేతిలో ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. ఎవరు ఏం తెచ్చారు, పసుపు పోగుల లెక్కన అమ్ముతున్నారా కిలోల లెక్కనా, ధర చెప్పేది అమ్మేవాళ్లా కొనే సేటా, బేరం ఏ భాషలో నడుస్తోంది, ఆడవాళ్లు డబ్బు ఎక్కడ దాచుకుంటున్నారు, తిరిగి వెళ్లేటప్పుడు ఏం కొనుక్కెళ్తున్నారు, ఇవన్నీ రాయమనండి. సాయంత్రానికి పది పేజీలు నిండి, "వచ్చే వారం కూడా వెళ్తాను" అంటే ఆ చదువు ఒంటికి పడుతుందన్నమాట. మధ్యాహ్నానికే నీడ చూసుకుని ఫోన్ తీశారంటే ఇంకో కోర్సు వెతకండి. రెండేళ్ల పీజీలో నెల రోజులపాటు ఊళ్లో మకాం వేసి చేయాల్సిన పని ఇదే.

రెండో అడుగు: సరైన దానితో పోల్చండి

చాలామంది ఆంత్రోపాలజీని సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోల్చి నిట్టూరుస్తారు. ఆర్ట్స్ తీసుకున్న పిల్ల ముందు ఆ దారి లేనే లేదు. ఆమె ఎలాగూ ఏదో ఒక డిగ్రీ చదువుతుంది. దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో హిస్టరీ చదివినా, ఒడియా చదివినా, ఆంత్రోపాలజీ చదివినా ఖర్చులో పెద్ద తేడా రాదు. కాబట్టి లెక్క తేల్చాల్సింది ఒక్క ప్రశ్నకే: డిగ్రీ అయ్యాక ఉద్యోగంలో చేరడం మేలా, ఇంకో రెండేళ్లు ఆంత్రోపాలజీ పీజీ చేయడం మేలా? నాలుగేళ్ల ఆనర్స్ చదివితే పీజీ ఒక్క ఏడాదే. మొత్తం చూస్తే అదీ ఐదేళ్లే.

ఎంఎస్‌డబ్ల్యూను, అంటే సోషల్ వర్క్ పీజీని కూడా పోటీలో పెట్టండి. స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలు ఇచ్చే ప్రకటనల్లో ఎంఎస్‌డబ్ల్యూ పేరు తరచూ మొదటి వరసలో ఉంటుంది. పని, జీతం, ఊళ్లో ఉద్యోగం మాత్రమే లక్ష్యమైతే ఎంఎస్‌డబ్ల్యూ నేరైన దారి. పరిశోధన, యూనివర్సిటీ, సివిల్స్ వైపు చూపుంటేనే ఆంత్రోపాలజీ ముందుంటుంది. ఈ మాట ఆంత్రోపాలజీ మాస్టార్లకు నచ్చకపోవచ్చు.

మూడో అడుగు: ఖర్చు కాగితం

కింది అంకెలన్నీ పద్ధతి చూపడానికి అనుకున్నవి. వాటి స్థానంలో మీ ఇంటి అంకెలు వేసుకోండి.

ప్రభుత్వ యూనివర్సిటీలో ఏడాది ఫీజు 10,000 రూపాయలు అనుకుందాం. హాస్టల్, మెస్ నెలకు 3,000 చొప్పున పది నెలలకు 30,000. రాకపోకలకు 6,000. పుస్తకాలు, ఫోన్, బట్టలకు 6,000. ఏడాదికి 52,000, రెండేళ్లకు 1,04,000. దానికి ఫీల్డ్‌వర్క్ కలపండి. విభాగం కొంత ఇచ్చినా జీపు బాడుగ, దుబాసీకి ఇచ్చేది, మందులు, ఉప్పూపప్పూ, చివర్లో డిసర్టేషన్ టైపింగు, బైండింగు మన మీదే పడతాయి. 15,000 వేసుకోండి. పరీక్షల దరఖాస్తులకు, సెంటర్లకు వెళ్లి రావడానికి 6,000. చేతి నుంచి పోయేది మొత్తం 1,25,000.

ఇక కాగితం మీద ఎవరూ రాయని పద్దు. డిగ్రీతోనే ఏ షోరూంలోనో, మైక్రోఫైనాన్స్ ఆఫీసులోనో చేరితే నెలకు 12,000 వస్తాయనుకుందాం. రెండేళ్లు చదువులో ఉంటే ఆ 2,88,000 రావు. చేతి నుంచి పోయింది, చేతికి రానిది కలిపితే పీజీ అసలు ధర 4,13,000. అందులో ఫీజు 20,000 మాత్రమే.

ఇప్పుడు రాబడి. పీజీతో మొదటి ఉద్యోగం 22,000 ఇస్తుందనుకోండి. అప్పటికి డిగ్రీ ఉద్యోగం 14,000కి పెరిగి ఉంటుంది. తేడా నెలకు 8,000, ఏడాదికి 96,000. 4,13,000ని 96,000తో భాగిస్తే నాలుగేళ్ల నాలుగు నెలలు. అప్పటికి గానీ పీజీ పెట్టుబడి తిరిగి రాదు.

అంకెల్ని కొంచెం కదిపి చూడండి. అసలు విషయం అప్పుడే బయటపడుతుంది. ప్రభుత్వ యూనివర్సిటీకి బదులు ఏడాదికి 80,000 ఫీజు ఉన్న ప్రైవేటు చోట చేరారనుకుందాం. రెండేళ్లకు 1,40,000 అదనం. పెట్టుబడి తిరిగి రావడానికి ఐదేళ్ల తొమ్మిది నెలలు. ఇప్పుడు ఫీజు మళ్లీ 10,000కే తెచ్చి, పీజీ అయ్యాక ఒక ఏడాది ఖాళీగా ఉందనుకోండి. రాని జీతం అదే 12,000 చొప్పున వేసుకున్నా 1,44,000 అదనం. ఐదేళ్ల పది నెలలు. అంటే ఒక ఏడాది ఖాళీగా కూర్చోవడం ప్రైవేటు ఫీజు కట్టినదానితో సమానం. ఆ ఏడాది భువనేశ్వర్‌లో గది తీసుకుని కోచింగుకు నెలకు 8,000 ఖర్చు చేస్తే ఇంకో 96,000 చేరి, ఆరేళ్ల పదినెలలు అవుతుంది.

జీతం తేడా కూడా మార్చి చూడండి. 8,000 బదులు 4,000 అయితే, ఏ ఖాళీ ఏడాదీ లేకపోయినా ఎనిమిదిన్నరేళ్లకు పైగా పడుతుంది. కాబట్టి తేడా ఎంత ఉంటుందో ఊహించుకుని ఊరుకోకూడదు, వెతికి తెలుసుకోవాలి.

నాలుగో అడుగు: ప్రకటనలు చదివి రాబడి తేల్చండి

"చాలా అవకాశాలు ఉన్నాయి" అని ఎవరు చెప్పినా నమ్మకండి. గత ఏడాది కాలంలో వచ్చిన ఉద్యోగ ప్రకటనలు పాతిక దాకా పోగు చేసి, పిల్ల చేతే ఒక పట్టిక గీయించండి. పోస్టు, ఊరు, జీతం, ఎన్ని ఖాళీలు, అడిగిన చదువు, అడిగిన అనుభవం. చదువు గడిలో "ఆంత్రోపాలజీ మాత్రమే" అని ఉన్నవి ఎన్ని, "ఆంత్రోపాలజీ, సోషియాలజీ, సోషల్ వర్క్, రూరల్ డెవలప్‌మెంట్‌లలో ఏదైనా" అని ఉన్నవి ఎన్ని అని లెక్కపెట్టండి. రెండో రకమే ఎక్కువగా కనిపిస్తాయి. అనుభవం గడి మరీ ముఖ్యం. రెండేళ్ల అనుభవం అడిగే పోస్టు కొత్తగా పట్టా పుచ్చుకున్నవాళ్లకు లేనట్టే.

ఎక్కడ వెతకాలంటే, మన చుట్టూనే కొన్ని చోట్లున్నాయి. ఒడిశాలో పీవీటీజీలుగా, అంటే బాగా వెనకబడిన గిరిజన సమూహాలుగా గుర్తించిన తెగలు 13, దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. వారి కోసం చటికొనలో డోంగ్రియా కోంధులకు, పుట్టాసింగిలో లంజియా సవరలకు, ముదులిపడలో బొండాలకు మైక్రో ప్రాజెక్టులు ఉన్నాయి. గిరిజనాభివృద్ధి సంస్థలైన ఐటీడీఏలు ఉన్నాయి. వీటిలో దొరికేవి ఎక్కువగా కాంట్రాక్టు కొలువులే. భువనేశ్వర్‌లో ఎస్సీ ఎస్టీ పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. సర్వేలకు, అధ్యయనాలకు మనుషుల్ని తీసుకుంటుంది. కాశీపూర్‌లో అగ్రగామి, బరంపురం దగ్గర మొహుదాలో గ్రామ్ వికాస్, జయపురంలో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఈ ప్రాంతంలో దశాబ్దాలుగా పని చేస్తున్నాయి. దమన్‌జోడిలో నాల్కో, టికిరి వైపు ఉత్కళ్ అల్యూమినా ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఇలాంటి పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు ఖర్చు పెట్టాలి. అదే ఏడాది వచ్చిన భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. ఆ సర్వేలకు ఊరూరా తిరిగేవాళ్లు కావాలి. పని మూడు నెలలో ఆరు నెలలో ఉంటుంది, తర్వాత మళ్లీ వెతుక్కోవాలి.

కేంద్రంలో ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది. 1945లో పుట్టిన సంస్థ, ప్రధాన కార్యాలయం కోల్‌కతా. మనకు దగ్గర్లోని జగ్దల్‌పూర్‌లో దాని కేంద్రం, మ్యూజియం ఉన్నాయి. పేరు గొప్పది, ఖాళీలు అరుదు. దీన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి, వస్తే అదృష్టం. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం ఏడో పే కమిషన్ ప్రకారం 57,700. అక్కడికి చేరాలంటే నెట్ (యూజీసీ పెట్టే జాతీయ అర్హత పరీక్ష), చాలా చోట్ల పీహెచ్‌డీ, ఆ పైన ఓపిక కావాలి.

స్కూలు టీచరు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. "ఆఖరికి బీఈడీ చేసి టీచరైపోతుందిలే" అనుకుంటారు. కేంద్రీయ విద్యాలయాల్లో సోషల్ టీజీటీకి (డిగ్రీ స్థాయి టీచరు పోస్టుకు) డిగ్రీలో హిస్టరీ, జాగ్రఫీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్‌లలో రెండు ఉండాలి, అందులో ఒకటి హిస్టరీగానీ జాగ్రఫీగానీ కావాలి. ఆంత్రోపాలజీ ఆ జాబితాలో లేదు. పీజీటీ (పీజీ స్థాయి టీచరు) సబ్జెక్టుల్లోనూ లేదు. కాబట్టి డిగ్రీలో చేరే రోజునే మిగతా సబ్జెక్టులుగా హిస్టరీ, జాగ్రఫీ లాంటివి ఉండేలా చూసుకోండి. తర్వాత మార్చుకోవడం కుదరదు.

ఐదో అడుగు: ఎక్కడ చేరాలి

మనకు అందుబాటులో ఉన్నవి ఇవి. కొరాపుట్ జిల్లా సునాబెడలో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం. 2009లో మొదలైంది, ఆంత్రోపాలజీ విభాగం ఉంది. భువనేశ్వర్‌లో ఉత్కళ్, పశ్చిమాన సంబల్‌పూర్ యూనివర్సిటీ. ఇటు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. కాస్త దూరమైనా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. ఇల్లు కదలలేని వాళ్లకు ఇగ్నోలో దూరవిద్య ఎంఏ ఉంది, కొరాపుట్‌లో దాని ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ఉద్యోగం చేస్తూ ఇగ్నోలో చదివితే పై లెక్కలో 2,88,000 పద్దు మొత్తం కొట్టేయవచ్చు. అయితే మాస్టార్ల దగ్గర కూర్చుని ఫీల్డ్‌లో నేర్చుకునేది, విభాగం ద్వారా దొరికే పరిచయాలు తగ్గిపోతాయి.

కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. సరిహద్దు పిల్లలకు ఇవి సులువు, ఎందుకంటే లోకల్, నాన్ లోకల్ గొడవ ఉండదు. ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్తే ఒడిశాలో చదివిన పిల్ల నాన్ లోకల్ కింద పడుతుంది, లోకల్ వాళ్లకు కేటాయించిన సీట్లు ఆమెకు అందవు. తాతలు బొబ్బిలి వాళ్లే అన్నా కౌంటరులో ఎవరూ వినరు.

కుల ధ్రువపత్రం ఇంకో చిక్కు. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. శ్రీకాకుళంలో బీసీ అయిన కులం రాయగడలో అదే జాబితాలో ఉంటుందన్న నమ్మకం లేదు. తహసీల్ ఆఫీసుకు వెళ్లి, ఒడిశా జాబితాలోనూ ఒడిశాకు సంబంధించిన కేంద్ర జాబితాలోనూ మీ కులం ఉందో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోండి. ఫీజు, స్కాలర్‌షిప్, వయసు సడలింపు, పరీక్ష అవకాశాలు, అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఆరో అడుగు: అప్పు చేయాలా?

ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కుటుంబ ఆదాయం 2.5 లక్షల లోపు ఉంటే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తుంది. డబ్బు ఆలస్యంగా పడుతుంది గనుక మొదటి ఏడాది ఖర్చు చేతిలో పెట్టుకునే చేరాలి.

బ్యాంకు లోను గురించి నా సలహా సూటిగా చెబుతాను: ఆంత్రోపాలజీ పీజీకి పెద్ద లోను తీసుకోవద్దు. 4 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 5,400 కట్టాలి. మన లెక్కలో పీజీ వల్ల అదనంగా వచ్చేది 8,000. అందులో మూడింట రెండొంతులు బ్యాంకుకే పోతే ఇక చదివి ఏం ప్రయోజనం? హాస్టల్ ఖర్చుకు లక్ష దాకా అయితే సరే.

ఏడో అడుగు: ఖాళీ ఏడాది రాకుండా ముందే ఏర్పాట్లు

రెండేళ్ల పీజీ మొదటి నెల నుంచే ఈ పనులు మొదలుపెట్టాలి.

ముందుగా నెట్. యూజీసీ నెట్ మామూలుగా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, పీజీ ఆఖరు ఏడాదిలో ఉండగానే రాయవచ్చు. అందులో పై మార్కులకు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. ఏడాదికి 4,44,000 అంటే మనం లెక్కగట్టిన పీజీ ధర కంటే ఎక్కువ. కానీ పీహెచ్‌డీ సీటు దొరికాకే ఆ డబ్బు మొదలవుతుంది. వయసు పరిమితి జనరల్ వాళ్లకు 30 ఏళ్లు, ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వాళ్లకు ఐదేళ్ల సడలింపు ఉంది.

రెండోది ఒడియా. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మీడియం అయిన పిల్లలు బజారు ఒడియా గడగడా మాట్లాడతారు, రాయమంటే ఆగిపోతారు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు కనీసం మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పాసై ఉండాలని అడుగుతారు. పదో తరగతిలో ఒడియా లేకపోతే ఆ పరీక్ష ఇప్పుడే పాసై కాగితం చేతిలో పెట్టుకోండి.

భాషల విషయంలో మన పిల్లలకు ఉన్న సౌలభ్యం భువనేశ్వర్ పిల్లలకు లేదు. తెలుగు, ఒడియా, హిందీ ఎలాగూ వస్తాయి. కోంధులు మాట్లాడే కువి, కూయి తెలుగుకు చుట్టాలైన ద్రావిడ భాషలే, కాస్త మనసు పెడితే చెవికి పడతాయి. కొరాపుట్ వైపు దేశియా అందరి మధ్యా నడిచే భాష. దుబాసీ లేకుండా ఊళ్లో కూర్చుని మాట్లాడగలిగేవాళ్లను ఏ సంస్థా వదులుకోదు. బయోడేటాలో భాషల వరసను పైకి తెచ్చి రాయమనండి.

మూడోది అనుభవం. రెండు వేసవి సెలవుల్లోనూ ఏదో ఒక సంస్థలో పని చేయాలి, జీతం లేకపోయినా సరే. అక్కడ ఇచ్చే అనుభవ పత్రాలే ప్రకటనలోని "అనుభవం" గడిని నింపుతాయి. ఎక్సెల్, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ నేర్చుకోవాలి. క్యూజీఐఎస్ ఉచితమే. శరీర శాస్త్రం వైపు ఆసక్తి ఉంటే సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) పని చూడండి. ఆ జబ్బు నిర్మూలన కోసం 2023 జులైలో జాతీయ మిషన్ మొదలైంది, దాని దృష్టంతా గిరిజన జిల్లాల మీదే.

ఎనిమిదో అడుగు: సివిల్స్ మోజుకు గడువు పెట్టండి

ఆంత్రోపాలజీ అనగానే కోచింగ్ సెంటర్ల వాళ్లు ఐఏఎస్ అంటారు. యూపీఎస్‌సీలో ఇది ఆప్షనల్ సబ్జెక్టే, రెండు పేపర్లు కలిపి 500 మార్కులు. మొత్తం మార్కులు 2025. అయితే ఆ ఆప్షనల్ తీసుకోవడానికి ఆంత్రోపాలజీ పట్టా అక్కర్లేదు, ఇంజినీర్లు కూడా అదే రాస్తున్నారు. ఏపీపీఎస్‌సీ గ్రూప్ 1 మెయిన్స్‌లో ఆప్షనల్సే లేవు. కాబట్టి సివిల్స్ కోసమే పీజీ చేయడం లెక్కకు నిలవదు. పీజీ ఎలాగూ చేస్తుంటే ఆ చదువు పనికొస్తుంది, అంతే.

జనరల్ వాళ్లకు ఆరు అవకాశాలున్నాయి కదా అని ఆరూ వాడుకోవాలనేం లేదు. మన లెక్కలో ఒక్కో ప్రయత్నం ఖాళీ ఏడాది, కోచింగు కలిపి 2,40,000. ఎన్ని ప్రయత్నాలో, ఏ తేదీ వరకో ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడుకుని, తండ్రీ కూతుళ్లిద్దరూ ఆ ఖర్చు కాగితం అడుగున రాసుకోండి. ఆ తేదీ దాటాక ఎంత చిన్న జీతమైనా సరే, వచ్చిన ప్రాజెక్టులో చేరిపోవాలి, చదువుకోవాలంటే రాత్రిళ్లు చదువుకోవచ్చు.